బుల్లోడి మర్యాద

"మళ్ళీ దూకాడు. మళ్ళీ మొదటి నుంచి," అన్నాడు నాన్న, ఖాకీ చొక్కా మీది పంజా గుర్తులు దులుపుకుంటూ.

పేరుకు బుల్లోడు గానీ, వెనక కాళ్ళ మీద నిలబడితే ఆ కుక్క చిట్టి కంటే ఎత్తు. బెల్ మోగితే చాలు, వాడికి ఒళ్ళు తెలియదు. కిందటిసారి అమ్మమ్మ వచ్చినప్పుడు చేతికర్ర ఒకవైపు ఎగిరింది, ఆవిడ ఇంకోవైపు కూలబడింది. ఆ రోజు నవ్వు ఆపుకోలేకపోయింది చిట్టి ఒక్కతే.

ఇప్పుడు ఆ నవ్వు లేదు. ఆదివారం ఇంటికి ఒకరు వస్తారని, బుల్లోడు రభస చేస్తే మర్నాడే మామయ్య తోటకు పంపేస్తానని అమ్మ తెగేసి చెప్పింది.

"ఎవరమ్మా వచ్చేది, అమ్మమ్మేనా?"

"వచ్చాక చూద్దువుగాని."

అమ్మ ఒక మాట అన్నదంటే అన్నట్టే. బుల్లోడు లేని ఇల్లు తలుచుకుంటేనే చిట్టికి ఏడుపొచ్చింది.

అందుకే బస్సు డ్యూటీ దిగి రాగానే నాన్న చుట్టం వేషం కట్టేవాడు. తాళంచెవి లోపలే వదిలేసి, బయటికెళ్ళి బెల్ కొట్టేవాడు. బుల్లోడు దూకితే వాడి మొహం చూడకుండా వెనక్కి తిరిగిపోయేవాడు. కూర్చుంటే చిట్టి బిస్కెట్టు పెట్టేది.

"అమ్మమ్మలా కర్ర పట్టుకురా నాన్నా."

"కర్రెందుకు? నా మీద దూకడం మానితే ఇంకెవరి మీదా దూకడు."

చుట్టం రావడం వాడికి త్వరగానే వంటబట్టింది. వెళ్ళడంతోనే వచ్చింది చిక్కంతా. నాన్న గేటు దాటగానే గుమ్మంలో మోర ఎత్తి ఊళ పెట్టేవాడు.

"వెళ్ళేవాళ్ళను వెళ్ళనివ్వాలిరా," అంటూ నాన్న వాడి ముందు గొంతుకూర్చుని చెవులు నిమిరాడు. "మళ్ళీ వస్తారుగా."

"చుట్టం ముట్టుకోకూడదన్నావు," అని చిట్టి పట్టేసింది.

వంటింట్లో కూర తరుగుతున్న అమ్మ చేయి ఆగింది. "ఇక చాలించండి. వాణ్ణి ఏడిపించింది చాలు," అంది. ఆ గొంతులో కోపం లేదు.

శుక్రవారం నాన్న ఇంటికి రాలేదు, శనివారమూ రాలేదు. కొక్కేనికి ఆయన ఖాకీ చొక్కాలు లేవు, తాళంచెవి మాత్రం ఉంది. దూరం బస్సు వేశారేమో అనుకుంది చిట్టి. పాఠం మధ్యలో ఆగిపోయిందనే దాని బెంగంతా.

ఆదివారం పొద్దున బెల్ మోగింది. బుల్లోడి ఒళ్ళంతా వణికింది, తోక నేలను బాదింది, కానీ వాడు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. చిట్టి ఉన్న బిస్కెట్లన్నీ వాడికే పెట్టేసింది.

అమ్మ వాడివైపు చాలాసేపు చూసింది. "ఎక్కడికీ పంపనులే వాణ్ణి," అంది.

చిట్టికి ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మకు బుల్లోడి మర్యాద చూపించాలని పరుగెత్తుకెళ్ళి తలుపు తీసింది.

గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అమ్మను అడిగాడు నాన్న.