రెప్ప మీద చెయ్యి

రాత్రి డ్యూటీ అంటే నాకు హాయి. ఫోన్లు మోగవు, పెద్ద డాక్టర్లు విసుక్కోరు, స్కానింగు మిషను చప్పుడొక్కటే తోడు. ఆ రాత్రి చివరి పేషెంటు, నేను బాబాయ్ గారని పిలిచే ఓ పెద్దాయన. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ మెదడుకీ, ఎడమ కంటి వెనక్కీ పాకింది. ముందుకు తోసుకొచ్చిన ఆ కంటికి రెప్ప మూతపడదు. కన్ను కదిలినప్పుడల్లా స్కానింగులో బొమ్మ అలుక్కుపోతోంది. బొమ్మ తేటగా వస్తేనే పొద్దున్న రేడియేషన్ మొదలుపెడతారు, చూపు దక్కుతుంది.

"ఈసారైనా కన్ను కదపకండి బాబాయ్ గారూ," అని బతిమాలి, తలుపు మూసి, అద్దానికి ఇవతల కూర్చున్నాను.

బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. గడ్డ అంచు గీత గీసినట్టు కనిపిస్తోంది. మెదడులో కొత్త మచ్చలేవీ లేవు. మిషను ఆగగానే సంతోషంగా లోపలికి పరిగెత్తి, ఆయన్ని లేపి కూర్చోబెట్టాను.

"భలే కదలకుండా ఉన్నారే!"

"నాదేముందమ్మా. నువ్వు పంపిన ఆవిడ రెప్ప మీద చెయ్యేసి పట్టుకుంది. ఎంత చల్లటి చెయ్యో! ప్రాణం లేచొచ్చిందనుకో."

నేనెవర్నీ పంపలేదు. ఆ గదికున్న ఒక్క తలుపూ నా కళ్లెదుటే ఉంది. ఒంట్లో బాగాలేని మనిషికి ఏవేవో తోస్తాయిలే అని నవ్వేశాను. చక్రాల కుర్చీలో ఆయన్ని బయటికి తెచ్చి, అలవాటుగా లైటు స్విచ్చి మీద వేలు పెట్టాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండమ్మా, ఆర్పకు. పాపం, ఆవిడింకా లోపలే ఉంది."