పదిహేడో నంబరు టవరు

ఆ గురువారం పొద్దున సిద్దయ్య చేతిలో ఉన్నవి ఇవి: రెండు స్పానర్లు, ఒక హాక్సా బ్లేడు, నాలుగో కిక్కుకు గానీ లేవని స్కూటరు, రోజుకూలికి మాట్లాడుకున్న ఇస్తారి. చేతిలో లేనిది దూలపల్లి ఎకరం.

దాన్ని ఆర్నెల్ల కిందట అమ్మేశాడు. మేడ్చల్‌లో పాత ఇనుము కొట్టు నడుపుకొనే మనిషి ఉన్నట్టుండి కొత్త వ్యాపారం అన్నాడు. వచ్చినదంతా అందులో పోశాడు. ఇంతవరకు తిరిగొచ్చింది సున్నా.

"ఇయ్యాల పని గాకుంటే?" వాకిట్లో నిలబడి అడిగింది భార్య బాలనర్సమ్మ.

"ఎకరం పోయినట్టే."

"అయితే?"

"రెండెకరాలు కొంట."

"ముందుగాల గా స్కూటర్ మార్చు," అని లోపలికి వెళ్లిపోయింది.

అలియాబాద్ దాటితే పొలాల మధ్య హైటెన్షన్ టవర్లు. వాటి అడ్డకమ్మీలు విప్పి తూకానికి అమ్ముకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కమ్మీలు పోయిన టవరు గాలివానకు ఒరిగేది. అందుకని ఆ ఏడాది ఇరవై టవర్ల మీదుగా గాజుతీగ లాగారు. వెంట్రుకంత సన్నం. టవరును ఎవరు కదిలించినా అందులో పోయే వెలుతురు చెదిరి, సబ్‌స్టేషన్‌లో గంట మోగుతుందట. టవరు నంబరు కూడా పడుతుందట.

ఇస్తారికి ఆ గంటంటే లెక్కలేదు. అత్వెల్లి మనిషి. ఈ పనిలో చేయి తిరిగినవాడు, రెండుసార్లు జైలుకు వెళ్లొచ్చినవాడు.

"మేం లైన్ బందున్న దినమే వస్తమన్నా. పేపర్ల ఏస్తరు గద, పది నుంచి రెండు దాక బంద్ అని. కరెంటే లేనప్పుడు గంటేడ మోగుతది?"

"సూద్దాం," అన్నాడు సిద్దయ్య.

పదకొండు గంటలకు పదిహేడో నంబరు టవరు దగ్గర స్కూటరు ఆపారు. ఇస్తారి రెండు నట్లు విప్పాడు. మూడోది తుప్పు పట్టి రాలేదు. బ్లేడు అందుకున్నాడు.

"గంత మెల్లగ కోస్తున్నవేంది? జోరుగ కొయ్యి."

"సప్పుడైతదన్నా."

"కానియ్."

సిద్దయ్య రోడ్డు వైపే చూస్తున్నాడు. మూడు నిమిషాలైంది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఐదు నిమిషాలు. ఒక పాలవాడు సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. సిద్దయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఎందుకన్నా గంత పరేషాన్? ఎవ్వల్ రారు," అన్నాడు ఇస్తారి.

ఆ మాట విని సిద్దయ్య రోడ్డు మధ్యకు వెళ్లి మలుపు దాకా చూశాడు.

ఎనిమిదో నిమిషంలో మలుపు దగ్గర దుమ్ము లేచింది. ఇస్తారి తలెత్తాడు. జీపు.

"అన్నా, ఉరుకు."

"నువ్వు పో."

ఇస్తారి బ్లేడు పారేసి మక్కచేనులోకి దూకాడు. పరుగులో ఒక చెప్పు ఊడినా వెనక్కి చూడలేదు. సిద్దయ్య టవరు కిందే నిలబడిపోయాడు. జీపులోంచి దూకిన లైన్‌మన్లు ఇద్దరు అతని చొక్కా పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు.

చివరగా ఇంజనీరు జోగారావు దిగాడు. మనిషిని చూసి ఆగాడు.

"నువ్వేనా సిద్దయ్యా? స్వయంగా దిగావన్నమాట."

"మనిషిని పెట్టిన సార్. ఉరికిండు."

జోగారావు విప్పిన నట్లు చూశాడు, సగం తెగిన బోల్టు చూశాడు, గడియారం చూశాడు.

"లైన్లో కరెంటు లేదు. అయినా మోగింది. పదిహేడో నంబరే పడింది. వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు."

జీపులోంచి ఫైలు తెప్పించాడు. ఒక కాగితం తీసి బానెట్ మీద పరిచాడు. పెన్ను ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు.

సిద్దయ్య కండువాకు చేయి తుడుచుకున్నాడు. పెట్టాడు.

సాయంత్రానికి లెక్క చూసుకుంటే అతనికి మిగిలినవి ఇవి: సగం తెగిన బోల్టు, ఇస్తారి వదిలేసిన ఎడమకాలి చెప్పు, 'నీకు నచ్చిన రోజు, మాకు చెప్పకుండా, దొంగను పెట్టి చూపించు' అన్న జోగారావు షరతు గెలిచి, తాను తెచ్చిన గాజుతీగ గంటనే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మిగతా టవర్లన్నింటికీ బిగించేందుకు సంపాదించిన ఆర్డరు.