దాటిన తమ్మీ

ఇక్కడ ఒక్క చినుకు పడలేదు. ఎగువన పరకాల వైపు కురిసిన ఎండాకాలపు గాలివానకే వాగు వంతెన మీదికెక్కింది. తమ్ముడింటికని బయల్దేరిన యమున, పొద్దున ఫోన్‌కొచ్చిన రెడ్ అలర్ట్‌ను నమ్మనందుకు తనను తానే తిట్టుకుంటూ ఇవతలి ఒడ్డున అటూ ఇటూ తిరుగుతోంది.

తమ్ముడు హరికృష్ణ ఫోన్ చేశాడు. “అక్కా, వాగు దాటినవా?”

నిజం చెబితే వీడు నీళ్లలోకి బండి దించుతాడు.

“ఎప్పుడో దాటిన తమ్మీ. బస్సుల కూసున్న. నువ్వు ఇల్లు కదలకు.”

“నేనేడికి పోత? ఇంట్లనే ఉన్న. ఫికర్ చెయ్యకు.”

అంతలో అవతలి ఒడ్డున పోలీసు జీపు సైరన్ మోగింది. అదే సైరన్ ఫోన్‌లో ఇంకా గట్టిగా వినిపించింది.

యమున తలెత్తి అవతలి ఒడ్డు వైపు చూసింది.

“నీ ఫోన్ల గూడ ఇనబడ్డదక్కా,” అన్నాడు వాడు మెల్లగా. “ఏం రంగు చీర కట్టుకున్నవ్?”