లిఫ్టు నిబంధనపై అభ్యంతరం

మహారాజశ్రీ భవన నిర్వాహక సంఘం వారి సముఖమునకు:

పనివారు లిఫ్టు ఎక్కరాదన్న తమ శాసనాన్ని శిరసావహిస్తూ, మా వంటమనిషితోపాటు నేనూ ఆరో అంతస్తుకు మెట్లెక్కుతున్నాను.

నిన్న మోకాళ్ళు పట్టేసి దారిలో కూలబడితే, తమ కార్యదర్శి, అనగా నా కొడుకు, పరుగెత్తుకొచ్చాడు.

“ఇదేం మొండితనమే అమ్మా! నువ్వు లిఫ్టెక్కొచ్చుగా?”

“ఆమెనీ ఎక్కనియ్యరా, ఇద్దరం ఎక్కుతాం.”

“నలుగురూ ఏమనుకుంటారే?”

“ఆ నలుగురూ నన్ను మోసే రోజు ఎలాగూ దగ్గరపడిందిలే. ముందు ఆమెనెక్కించు.”

ఎక్కించలేదు.

సదరు కార్యదర్శి మా చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర వంటమనిషికీ నాకూ ఒకే గిన్నెలో ద్రాక్షారసం అందించేది వారే.

కావున,

డిమాండు నం. 1: ఆమెను లిఫ్టు ఎక్కనివ్వాలి.

డిమాండు నం. 2: అది కుదరనిచో, వచ్చే ఆదివారం కార్యదర్శిగారు దేవుని ఎదుట మా ఇద్దరికీ వేర్వేరు గిన్నెలు పట్టుకుని నిలబడాలి.