విరిగితే విరగనీ

"ఈ గీత ఏందమ్మా?"

సైకిల్ ఫ్రేము మీద గోటితో గీకుతూ అడిగాడు గంగాధరం. మైపాడు రోడ్డు మీద రేసు మొదలయ్యేలోగా ప్రతి సైకిల్‌నీ పరీక్షించి పంపడం ఆయన పని.

"పోయిన నెల పడినా సార్," అంది షారన్.

"కార్బన్ ఫ్రేము కదా! ఇనుమైతే వంగి ముందే చెబుతుంది. ఇది చెప్పదు. లోపల్లోపలే చీలి ఒక్కసారిగా ఫట్‌మంటుంది. నేను పంపను."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. రెండేళ్ల కిందట ఆయన సరేనన్న సైకిలే విరిగి, ఒకతను దవడ పగలగొట్టుకున్నాడు.

"కార్బన్ సంగతి నాకు తెలుసు సార్. దాని మీదే బతుకుతుండా. ఇవాళ చివరిదాకా పోయినోళ్లకే రాష్ట్ర జట్టు సెలక్షన్. నన్ను ఆపాలంటే చీలిక చూపించండి."

గంగాధరం రూపాయి బిళ్లతో ఫ్రేము పొడుగునా తట్టాడు. లోపల చీలితే వచ్చే బొంగురు చప్పుడు ఎక్కడా లేదు. గొణుక్కుంటూనే వదిలి, బైకెక్కి ఆమె వెనకే బయల్దేరాడు.

రొయ్యల గుంటల మలుపులో గేదె అడ్డం వచ్చింది. షారన్ బ్రేకు వేసింది. సైకిల్ జారి, ఆమెను రోడ్డు మీద ఈడ్చుకుపోయింది.

ఫట్!

బైకు మోతలోనూ ఆ చప్పుడు గంగాధరానికి వినిపించింది.

"చెప్పినా కదా, విరిగిందీ! ముట్టుకోబాక!"

పరిగెత్తుకొచ్చాడు. ఆమె ప్యాంటు మోకాలి కింద చిరిగింది గానీ నెత్తురు చుక్క లేదు. సైకిల్ ఎత్తి, తిప్పి, తట్టి చూశాడు. చిన్న బీట కూడా కనబడలేదు.

"ఫ్రేము బాగుండాది కదా? కాస్త పట్టుకోండి, ఎక్కుతా."

ఆయన భుజం ఊతంగా ఎక్కింది. అక్కణ్ణుంచి సైకిల్ ఒక పక్కకే ఒరుగుతూ, కుదుపులు కుదుపులుగా సాగింది. ఎదురుగా సముద్రపు గాలి. ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు.

"చాల్లేమ్మా, దిగు! నా బండెక్కు!"

"మీరు పక్కకి జరగండి సార్!"

అందరికన్నా ఆఖరున చేరింది. జనం ఈలలు వేశారు. సైకిల్ దిగకుండానే, పక్కన కట్టిన వెదురుబొంగు రెండు చేతులా పట్టుకుని రొప్పుతోంది.

"ఓడిపోయినానమ్మా," అన్నాడు గంగాధరం తల ఊపుతూ. "నీ సైకిల్ గట్టిదే. కానీ ఆ చప్పుడు నా చెవులారా విన్నా. కార్బన్ విరిగిన చప్పుడే అది."

"మీ చెవులు బాగానే ఉండాయి. అది కార్బనే," అంది షారన్.

"విరిగింది నా పెట్టుడుకాలు సార్."