కుళాయి కోత

నోటీసు నాలుగు ముక్కలు చేసి కనకరత్నం మొహాన కొట్టాడు నరసింహం.

"కుళాయి పన్ను నోటీసు ఎవరి పేరున వచ్చింది? నీ పేరున. కట్టాల్సింది నువ్వు. కట్టకపోతే జప్తు చేసేది నీ ఇల్లు. మధ్యలో నాకేంటి?"

తెనాలిలోని ఆ ఇంట్లోకి అద్దెకి దిగినప్పుడు ఈ నరసింహమే 'అత్తయ్యగారూ' అని వరస కలిపాడు. మూడేళ్ళయింది. అద్దె లేదు, కుళాయి పన్ను లేదు, ఖాళీ చేసే ఊసు అసలే లేదు. రేపల్లె నుంచి రైలెక్కి అడగడానికి వచ్చిన ప్రతిసారీ కనకరత్నం తిట్లు తిని వెళ్ళేది.

"నీళ్ళు వాడుకుంది నువ్వే కదా నాయనా," అంది.

అంతే. జుట్టు పట్టుకుని అరుగు మీంచి కిందికి తోశాడు. మణికట్టు విరిగింది.

"నీ వెనకాల ఎవడున్నాడని వచ్చావే? ఇంకోసారి వస్తే మెడ విరుస్తా!"

కనకరత్నం చేతికి కట్టు కట్టించుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది.

స్టేషన్లో రైటరు ఆవిడ చేతి కట్టు చూసి జాలిపడ్డాడు. "దీన్ని ఇంటి గొడవంటారమ్మా. సాయంత్రానికల్లా బయటికొస్తాడు. వాడేమన్నా డ్యూటీలో ఉన్న గవర్నమెంటు మనిషిని కొట్టాడా, లోపల కూర్చోబెట్టడానికి?"

ఆ మాట ఆవిడ రేపల్లె దాకా మోసుకెళ్ళింది.

వారం తిరక్కుండా మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టింది. బాకీ కట్టే శక్తి నాకు లేదు, మా ఇంటి కుళాయి కోసెయ్యండి అని.

సోమవారం పొద్దున్నే ఫిట్టర్ వచ్చాడు. బాపట్ల నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ముప్పయ్యేళ్ళ మనిషి. ఆ వీధిలో ఎవరూ అతన్ని చూసి ఎరగరు. కనకరత్నం అప్పటికే రేపల్లె నుంచి వచ్చి ఎదురింటి అరుగు మీద నిలబడి ఉంది.

"మీరు ఎదురింటి అరుగు దిగొద్దు అమ్మగారూ. ఏం జరిగినా దగ్గరికి రావద్దు," అని ఆవిడకి గట్టిగా చెప్పి, గేటు పక్కన మట్టి తవ్వి పైపుకి రెంచీ తగిలించాడు.

నరసింహం నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు. "ఎవడ్రా నా నీళ్ళు ఆపేది?"

"మున్సిపాలిటీ నుంచండి. ఆర్డరు ఉందండి."

దవడ మీద పిడికిలి పడింది. కిందపడ్డవాణ్ణి కడుపులో తన్నాడు నరసింహం. మట్టి తవ్విన పారే లాక్కుని తల మీద మోదాడు. నెత్తురు పైపు నీళ్ళలో కలిసి కాలవలోకి పారింది. వీధి వీధంతా బయటికొచ్చి ఫోన్లు ఎత్తింది.

"చేతిలో రెంచీ ఉంది కదయ్యా, తిరిగి కొట్టవేంటి!" అని అరిచింది పక్కింటి ఏసమ్మ.

అతను కొట్టలేదు. మెళ్ళో గుర్తింపు కార్డు మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు. "డ్యూటీలో ఉన్నానండీ, అందరూ చూడండి," అన్నాడు. ఇంకో దెబ్బ పడింది.

కనకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రతి దెబ్బకీ ఆవిడ ఒళ్ళు ఎగిరిపడింది. పళ్ళ కింద కొంగు చిరిగింది. అరుగు మాత్రం దిగలేదు. తన ఇంటి కోసం ఎవరో చస్తుంటే ఇంత బండగా ఎలా నిలబడిందోనని ఏసమ్మ ఆవిడ వంక అసహ్యంగా చూసింది.

పోలీసులొచ్చి నరసింహాన్ని జీపులో పడేశారు. "వీడికి బెయిలు కూడా కష్టమే," అన్నాడు రైటరు. ఇల్లు ఖాళీ అయినట్టే.

ఆస్పత్రిలో ఫిట్టర్ తలకి పదకొండు కుట్లు వేశారు. నర్సు గుమ్మంలోకి వచ్చి, "దెబ్బలు తిన్నతని తాలూకు ఎవరండీ?" అని కేకేసింది.

"నేనేనమ్మా," అంటూ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది కనకరత్నం, "వాణ్ణి కన్నదాన్ని."