పసుపు చేను ఫొటోలు

చేనుకో డ్రోన్ వచ్చాక, రోజూ అది తీసిన ఫొటోలు సర్దడం కూడా వాకిలి ఊడ్చినట్టే ఇంటిపని అయిపోయింది. గంగవ్వ కోడలు లాస్య ఆ పనిని కంప్యూటర్‌లోని ఏఐ యంత్రానికి నోటిమాటతో చెప్పేది. మంచులో మసకగా వచ్చిన ఫొటోలను అది పనికిరానివని పారేసేది.

ఇంతలో ఊళ్లో పసుపుకు ఆకుమచ్చ తెగులు సోకింది.

"ఈసారి ఒక్క ఫొటో గూడ పోవద్దు. సర్దే ప్రోగ్రాం నేను పైథాన్‌ల రాస్త," అంది గంగవ్వ.

"గంత పాత భాష ఎందుకత్తమ్మా? నోటితోని చెప్తే అయితది గదా."

"నోటిమాటకు అది సొంత అర్థం తీస్తది బిడ్డా. రాసిందైతే ఏం జేస్తదో ముందే సదువుకోవచ్చు. మడి పేరు జూసి ఫోల్డర్ల ఏసుడే గదా, ఎంత పని?"

నాలుగు వరుసలు రాసి, ముందు ఫొటోల నకళ్ల మీద నడిపి చూసింది. ఒక్క ఫొటో పోలేదు. అప్పుడు అసలు ఫొటోల మీద నడిపింది. తూర్పు మడి మసక ఫొటోల్లో ఆకుల మీద మచ్చలు కనిపించాయి. మధ్యాహ్నానికల్లా అక్కడ మందు కొట్టారు. మిగతా చేను నిలిచింది.

మర్నాడు లాస్య అత్త పక్కన పీట వేసుకుంది.

"మొదటి వరుస నన్ను రాయనియ్యి," అంది.